కడగని గొట్టం

మా ముత్తాత పెంచలయ్య గొడ్ల వైద్యుడు. వాతలు పెట్టేవాడు, వెదురు గొట్టంతో గొడ్ల నోట్లో మందు పోసేవాడు. మంచివాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. మంచివాడే, కాకపోతే పిరికివాడు. ఆ పిరికితనం ఒక్క రోజు వదిలింది, దానికి ఆయన కుడిచెయ్యి పోయింది.

ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా అప్పట్లో గొడ్ల వైద్యులు ఏడుగురు. వాళ్లకొక కట్టు ఉండేది. వైద్యంలో జరిగిన తప్పు రైతు ముందు బయటపెట్టకూడదు, తనదైనా సరే. గురువిచ్చిన గొట్టం కడగకూడదు, కడిగితే మందు గుణం పోతుందని నమ్మకం. కట్టు తప్పినవాడి చెయ్యి విరిచేవాళ్లు. వాళ్లందరికీ పెద్ద వెంకటరమణయ్య. పెంచలయ్యకు గొట్టం ఇచ్చిందీ ఆయనే.

పద్దెనిమిది వందల డెబ్బై ఎనిమిదిలో, కరువు తీరీ తీరకముందే గొడ్లకు ముసర రోగం వచ్చింది. కరువుకు మిగిలిన గొడ్లు నోళ్లు పుండ్లుపడి, నెత్తురు పారుకుని కూలిపోయాయి. పెంచలయ్య కొట్టం నుంచి కొట్టానికి పరుగెత్తి మందు పోశాడు. అనంతసాగరం దగ్గర ఒక ఊళ్లో పన్నెండు రోజుల్లో నలభై గొడ్లు చచ్చాయి. శీనమ్మ అనే ముసలామె ఆవులు రెండే నిలబడ్డాయి. అంతకుముందేడు వాత పెట్టి దూడను చంపాడన్న కోపంతో ఆమె పెంచలయ్యను గడప తొక్కనివ్వలేదు. ఆ ఆవుల్ని చూశాక ఆయనకు అన్నం సహించలేదు. గొట్టం అంచున ఎండిన చొంగ చూపించి వెంకటరమణయ్యతో తన అనుమానం చెప్పాడు.

“కట్టు మరిచినావా? నోరు మూసుకో,” అన్నాడాయన.

ఊరికి వేరే కారణం దొరికింది. చచ్చిన గొడ్డు తోలు మాదిగపల్లె చెంచయ్యకు చెందడం ఆచారం. పైగా ఆ ఏడే బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ల కోసం విషం పెట్టాడన్నారు. మిట్టమధ్యాహ్నం బండిచక్రానికి కట్టి చింతబరికెలతో వీపు చీల్చారు. పళ్లు రాలగొట్టారు. భార్య రెబెకమ్మ అడ్డం పడితే జుట్టు పట్టి ఈడ్చారు. ఎవడో గన్నేరు పప్పు నూరి తెచ్చాడు.

“నీ గొట్టంతో వీడి నోట్లో పొయ్యి పెంచలయ్యా. గొడ్లెట్ట చచ్చినాయో వీడికీ తెలవాల.”

పెంచలయ్య చెంచయ్య దవడ పట్టుకున్నాడు. చేతికి అలవాటైన పనే. కానీ ఆ కళ్లు చూశాడు. గొట్టాన్ని చక్రానికేసి కొట్టి చీల్చేశాడు.

“ఈడు గాదు. నేను చంపినాను! చచ్చే గొడ్డు నోట్లో పెట్టిన గొట్టమే బాగుండే గొడ్డు నోట్లోనూ పెట్టినాను. శీనమ్మ ఆవులకు పొయ్యలా, అయ్యి బతికుండాయి. పొయ్యి చూడండి!”

జనం ఆయన మీద పడ్డారు. ఆ తొక్కిసలాటలో రెబెకమ్మ తోలుకత్తితో కట్లు కోసి మొగుణ్ని ఈడ్చుకుపోయింది. వెంకటరమణయ్య మాత్రం కట్టు ప్రకారమే నడిచాడు. పెంచలయ్య కుడిచెయ్యి రోటి మీద పెట్టించి, రోకలితో వేళ్లన్నీ చితగ్గొట్టాడు.

చెంచయ్య బతికాడు. మరుసటి ఏడు ముసర మళ్లీ వచ్చింది. వెంకటరమణయ్యకు చెప్పులిచ్చి వస్తూ రెబెకమ్మ మా ఇంటి ముందు ఆగింది.

“ఆయన పెరట్లో పొయ్యి మీద కుండ ఉండాదయ్యా. నీళ్లు తెర్లతా ఉండాయి. దాంట్లో గొట్టం ఏసినాడు.”

పెంచలయ్య వంకర వేళ్లు చూసుకుని వెక్కి వెక్కి ఏడ్చాడట. ఆ ఏడు వెంకటరమణయ్య చేతిలో గొడ్లు బతికాయి, ఆయనకు గొప్ప పేరొచ్చింది. గొట్టం ఉడకబెట్టమని మిగతా ఐదుగురికి మాత్రం చెప్పలేదు. చెబితే తన తప్పు ఒప్పుకున్నట్టే. వాళ్ల ఊళ్లలో గొడ్లు చస్తూనే ఉన్నాయి.