గడప ముందు నీళ్ల చెంబు

మాచర్లలో మా పక్కింటి అత్త పోయిందని కబురు వచ్చింది. ముందు నమ్మబుద్ధి కాలేదు. కబురు తెచ్చినవాడి కాళ్ల వైపు చూశాను. ఆ అలవాటు నాకు అత్త నేర్పిందే.

మామ నాపరాయి క్వారీ కూలీల తరఫున మాట్లాడేవాడు. అందుకే స్టేషన్లో ఒక కన్నేసి ఉంచాల్సిన వాళ్ల జాబితాకెక్కాడు. డ్యాము చూడ్డానికి మంత్రి వస్తుంటే ముందురోజే తీసుకుపోయేవాళ్లు. ఎక్కడో సమ్మె జరిగితే ఇక్కడ ఈయన వీపు వాచేది. మిగతా రోజుల్లో మఫ్టీ వాళ్లు ఇంటికే వచ్చేవాళ్లు. అద్దెకిల్లు కావాలని ఒకడు, మిరప విత్తనాలు అమ్ముతానని ఇంకొకడు.

అత్త ఎవరినీ కసిరేది కాదు. చెంబుతో నీళ్లిచ్చి, "కాళ్లు కడుక్కో నాయనా, ఎండనబడి వచ్చావు" అనేది. మర్యాద మర్యాదే, కళ్లు మాత్రం పాదాల మీద ఉండేవి. మా ఎండల్లో చెప్పులతో తిరిగేవాళ్ల పాదాలు మాడి నల్లబడతాయి. రోజంతా బూట్లలో ఉండే పాదం పాలిపోయి ఉంటుంది. నల్లపాదాలకు మజ్జిగ దొరికేది. తెల్లపాదాలకు "ఆయన ఊళ్లో లేడు" అన్న జవాబే.

"నోరు అబద్ధమాడిద్ది గానీ కాళ్లకు చేతగాదురా అబ్బాయ్" అని నవ్వేది.

ఈ ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం మామ మా పెరటి కొట్టంలో తలదాచుకున్నాడు. ఆ మధ్యాహ్నం చిలకలూరిపేట నుంచి అత్త తమ్ముడు వచ్చాడు. తమ్ముడికీ చెంబు తప్పలేదు. పాదాలు తెల్లగా ఉన్నాయి.

"అక్కా, బావను ఇప్పుడే ఊరు దాటించు. జీపు వచ్చిద్దంట. బస్సులో కానిస్టేబుళ్లు అనుకుంటుంటే విన్నా."

"ఎప్పట్నుంచిరా నీకు బూట్లు?"

"మిల్లులో వాచ్‌మన్‌గా చేరాన్లే. ముందు బావ సంగతి చూడు."

"మీ బావ నరసరావుపేట పోయాడు."

మామను బయటికి రప్పించి పట్టుకోవడానికే వీణ్ణి పంపారని అత్త అనుకుంది. మా అమ్మతో అదే మాట అంది. పాపం, అతను బావను వెతుక్కుంటూ నరసరావుపేట బస్సెక్కాడు. పొద్దు వాలకముందే జీపు సరాసరి మా గుమ్మం ముందు ఆగింది. మామ నెలల తర్వాత కర్ర పట్టుకుని తిరిగొచ్చాడు. ఆ కాలు మళ్లీ బాగుపడలేదు.

కొట్టం సంగతి తెలిసింది రెండిళ్ల వాళ్లకే. మరి జీపుకు దారి చూపిందెవరు? మర్నాడు పలకరించడానికి వెళ్లిన మా నాన్నకు కూడా అత్త చెంబు ఇచ్చింది. నాన్న కాళ్లు కడుక్కునే లోపలికెళ్లాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చదువుకునే రోజుల్లో సగం అన్నం నేను ఆమె చేతిదే తిన్నాను. ఇప్పుడు నా కోపం ఆమె మీద లేదు, ఆ చేత్తో అంత పని చేయించిన వాళ్ల మీదే ఉంది.

తమ్ముడు నిజంగానే వాచ్‌మన్ అని తర్వాత తెలిసింది. అతను మళ్లీ ఆ గడప తొక్కలేదు.

"వాడి కాళ్లు చూశా గానీ మొహం చూళ్లేదురా" అని అత్త చానాసార్లు ఏడ్చింది.

మొన్న ఆమెను కడసారి చూడ్డానికి వచ్చినవాళ్లందరి కాళ్లూ చూస్తూ నిలబడ్డాను. జీపుకు దారి చూపినవాడు వీళ్లలోనే ఉండొచ్చు. అంతలో తమ్ముడొచ్చాడు. మిల్లు మానేసి కొన్నేళ్లుగా మిరపచేలో పనిచేస్తున్నాడట. గడప దగ్గర ఆగి, చెంబుతో నీళ్లడిగాడు.

"చావింటికి వచ్చేటప్పుడు ఎవరన్నా కాళ్లు కడుక్కుంటారంటయ్యా? పోయేటప్పుడు గదా" అన్నాడొక పెద్దాయన.

అతను వినలేదు. మాడి, పగుళ్లిచ్చిన పాదాలను నిదానంగా కడుక్కున్నాడు. తుడుచుకోకుండానే లోపలికి నడిచి అక్క ముందు నిలబడ్డాడు. గడప నుంచి ఆమె దాకా తడి అడుగులు పడ్డాయి. అవి ఆరేదాకా ఎవరమూ వాటిని తొక్కలేదు.