పొట్టకు కట్టుకున్న సొరగింజలు

మా పెద్ద యారాలు, అంటే మా ఆయన అన్నగారి భార్య, పోయిన సోమవారం పొద్దున కన్నుమూసింది. మర్రిగూడ నుంచి ఆమె మనవరాలు ఫోన్ చేసి చెప్పింది. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. వార్త వినగానే ఏడుపు రాలేదు, భయమేసింది. ఇక నా భయాలు ఎవరితో చెప్పుకోవాలి?

నేను పుట్టు పిరికిదాన్ని. కాపురానికి వచ్చిన ఏడాది రజాకార్లు, వాళ్లు పోయాక మిలటరీ. మా ఆయన కమ్యూనిస్టు దళంతో గుట్టల్లోకి వెళ్లాడు. లారీ చప్పుడు వినబడితే నేను గాదె చాటుకు పరుగెత్తేదాన్ని. అక్క మాత్రం జొన్నలు చెరుగుతూనే ఉండేది. "నీకు భయం లేదా అక్కా" అంటే, "ఎందుకు లేదే? చేతికి పనుంటే జర మరుస్త, గంతే" అనేది.

చలికాలంలో గింజలు మొలకెత్తించడంలో ఆమెకు ఆమే సాటి. సొరగింజలు నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, చిన్న కుండలో పెట్టి, వంటయ్యాక పొయ్యి పక్క వేడి బూడిదలో ఆ కుండను కూర్చోబెట్టేది. పైసా ఖర్చు లేదు. నన్ను కుండలో వేలు పెట్టి చూడమనేది. "పసిపిల్ల నెత్తి ఎంత ఎచ్చగుంటదో గంతనే ఉండాలె. ఎక్కువైతే ఉడుకుతయి, తక్కువైతే మురుగుతయి."

మిలటరీ వచ్చిన ఏడాది చలికాలం, ఒక మధ్యాహ్నం వాళ్లు మా ఊళ్లోకి దిగారు. మా బావ, అంటే అక్క భర్త, ఇంట్లోనే ఉన్నాడు. అప్పుడే అక్క దళానికి రొట్టెలు చేసి పంపింది. అందులో మా ఆయన తిండి కూడా ఉంది. పొయ్యి ఇంకా సెగలు కక్కుతోంది. లారీ చప్పుడు వినగానే ఆమె దూలానికి వేలాడే మూటలోంచి పాత సొరగింజలు తీసి, తడిగుడ్డలో చుట్టి, కుండలో వేసి బూడిదలోకి నెట్టింది. అవి రెండేళ్ల నాటివి. మొలుస్తాయో లేదో ఆమెకే తెలియదు.

ఆఫీసరుకు తెలుగు రాదు. వెంట వచ్చిన పట్నం మనిషి అడిగాడు. "పొద్దుగాల వంట, మాపటికి వంట. నడిమిట్ల పొయ్యి ఎందుకు వేడిగున్నది? ఎవరికి వండినవ్?"

"గింజలకు పెట్టిన అయ్యా. చలికి మొలక రాదు" అంది అక్క.

ఆఫీసరు కుండ తెరిచి చూసి ఏదో అన్నాడు. పట్నం మనిషి మాకు చెప్పాడు. "నాలుగొద్దులకు మల్లొస్తం. మొలకొస్తే నీ మొగడు ఇంటికొస్తడు. రాకుంటే ఆయన మీద ఆశ ఇడిసిపెట్టు."

మా బావను రెక్కలు విరిచికట్టి లారీ ఎక్కించారు.

నా మొగుడి రొట్టెల కోసం ఆమె మొగుణ్ని తీసుకుపోయారు. అయినా నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాత మా ఆయన ప్రాణాలతో తిరిగొచ్చి నాతో నలభై ఏళ్లు కాపురం చేశాడంటే అదంతా ఆమె చలవే.

అక్క గింజలు రెండు పాళ్లు చేసింది. సగం కుండలోనే ఉంచి నాకప్పగించింది. సగం తడిగుడ్డలో కట్టి, కోక కింద పొట్టకు ఆనించి కట్టుకుంది. వేళగాని వేళ పొగ లేస్తే మిలటరీకి మళ్లీ అనుమానం, అందుకే రెండు పూటల బూడిదతోనే సరిపెట్టాలి. మూడోనాడు అది చల్లారిపోతుందన్న భయంతో నేను నిప్పులు ఎక్కువ కలిపాను. సాయంత్రం కుండ తెరిస్తే ఉడికిన వాసన. అక్క ఒక గింజను వేళ్లతో నలిపి చూసింది.

"ఇవి పోయినయి తియ్. నా తాన ఇంక ఏడు గింజలున్నయి."

ఆ మూట విప్పి చూద్దామంటే చెయ్యి అడ్డం పెట్టింది. "సల్లగాలి తగుల్తది. నాకు సూడబుద్ధైత లేదు."

నాలుగోనాడు లారీ వచ్చింది. ఆమె మూట విప్పి, కళ్లు మూసుకుని చెయ్యి చాచింది. నేను చూశాను. ఏడింటిలో మూడు పగిలి తెల్లటి మొలక బయటపెట్టాయి. ఆఫీసరు ఒకదాన్ని గోటితో గిల్లి చూసి, లారీ వైపు చెయ్యి ఊపాడు.

బావ దిగాడు. చేతుల మీద తాడు వాతలు. చలికి వేళ్లు నీలం పట్టి ముడుచుకోవడం లేదు. మొగుడి పేరు కూడా పలకని మనిషి, ఊరంతా చూస్తుండగా ఆ రెండు చేతులనూ పట్టుకుని, కోక కింద ఇంకా తడి ఆరని తన పొట్టకు ఆనించుకుంది.