గంట పది నిమిషాల దూరం

1994 మార్చిలో ఒక ఆదివారం పొద్దున, పెర్కిట్‌లో మా ఇంటి ముందు ఆరబోసిన పసుపు తిరగేస్తుంటే కుడికంట్లో నల్లటి చుక్కలు లేచాయి. దుమ్మనుకుని మూడుసార్లు కడిగాను. పోలేదు. సాయంత్రానికి ఆ కంటికి అడుగునుంచి నల్లటి తెర కట్టినట్టయింది.

సోమవారం పది గంటలకు నిజామాబాద్‌లో డాక్టరు చూశారు. “రెటీనా డిటాచ్‌మెంట్ అమ్మా, కంటి లోపలి పొర ఊడుతున్నది. మాక్యులా, అంటే నడిమి చూపు, ఇంకా మంచిగనే ఉంది. దీనికి నాకు తెలిసిన పెద్ద డాక్టరు మద్రాసుల ఉన్నరు, ఆడ్నే ఆపరేషన్ చేయించాలె. వెంటనే పోవాలె.”

ఎంత దూరమని అడిగింది నేనే. లెక్క తెలియనిదే నాకు కాలు కదలదు.

“హైదరాబాద్ నుంచి విమానంల ఐదు వందల ఇరవై కిలోమీటర్లు. గంట పది నిమిషాలు.”

ఆ గంట పది నిమిషాలే మమ్మల్ని ముంచాయి. మా వాడలో పసుపు పాలిష్ చేసే డ్రమ్ము ఒక్కటే. ఇంటింటికీ వంతు. మంగళ, బుధవారాలు మావి. తప్పితే మళ్లీ ఇరవై రోజులు.

“గంటల పోయేదానికి గింత ఆగమెందుకే? వంతు ఒడిసినంక పోదాం,” అన్నారు మా ఆయన.

“గంటనే గదా,” అని నేనూ అన్నాను. తప్పు ఇద్దరిదీ.

బుధవారం సాయంత్రం ఎడమకన్ను మూసి ఆయన వైపు చూశాను. “ఏమయ్యా, నీ మీసాలు కానొస్తలేవు. ముక్కు మీదికే ఉన్నవు.”

“మంచిదే. గడ్డం గీసుకునే పని తప్పింది,” అని నవ్వి, మరుక్షణం లేచి సంచి సర్దారు.

గురువారం హైదరాబాద్ బస్సు ఐదు గంటలు. ఆ రోజు విమానంలో సీటు లేదు. శుక్రవారం సాయంత్రం దొరికింది. శనివారం పది గంటలకు ఆపరేషన్ బల్ల ఎక్కాను. నిజామాబాద్ డాక్టరు వెంటనే పోవాలన్న గడియ నుంచి నూట ఇరవై గంటలు.

“మాక్యులా ఊడిపోయిందమ్మా. మొన్ననే వచ్చుంటే బాగుండేది,” అన్నారు మద్రాసు డాక్టరు. ఆయనది నెల్లూరు.

“విమానంల గంటనే అన్నరు సారూ.”

“ఆ గంట విమానానికి. మీ కంటికి కాదు.”

ఊడిన పొరను అదిమి పట్టడానికి కంట్లో గ్యాస్ నింపారు. పగలూ రాత్రీ ముఖం కిందికే ఉంచాలి. తిరుగు ప్రయాణానికి విమానం వద్దన్నారు. పైకి పోతే గ్యాస్ ఉబ్బి ప్రెషర్ పెరుగుతుందట. వారం తర్వాత రైల్లో పద్నాలుగు గంటలు తల వంచుకునే వచ్చాను. వరంగల్‌లో ఎక్కిన ఒకావిడ మా ఆయన్ని అడిగింది: “ఏందన్నా, అక్క గిట్ల ఏడుస్తున్నది? ఎవలన్న పోయిండ్రా?”

“ఎవ్వలు పోలే చెల్లె. కన్ను పోకుంట కాస్తున్నం.”

ఐదేళ్లయింది. కుడికంటికి వెలుగు తెలుస్తుంది, మనిషి ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు. ఆరునెలలకోసారి ఎడమకన్ను చూపించుకుంటున్నాను. ఆ గంట లెక్క మీద నాకింకా కోపం తగ్గలేదు.

ఈ జబ్బు వచ్చినవారికి ఒక్కటే చెబుతాను. విమానం ఎంతసేపని అడగకండి. ఆపరేషన్ ఏ రోజు, ఎన్ని గంటల్లోపు జరగాలో డాక్టరు చేత రాయించుకోండి. అక్కడి నుంచి వెనక్కి మీ గడపదాకా లెక్కవేయండి: ఆస్పత్రి, విమానం, సీటు, బస్సు. అప్పుడు తెలుస్తుంది, బయలుదేరాల్సింది ఇప్పుడేనని.