కుట్టు విడిచిందని చెప్పిన ఆలూరు పెద్దాయన

దయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. బేతంచెర్లలో పిల్లలకు సైన్సు చెప్పే మనిషిని. దీన్ని మీరు నమ్మాలని కూడా అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాలుగేళ్ల కిందట మా ఆయనకు పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది. కర్నూలులో ఆపరేషన్ చేశారు. గడ్డ ఉన్న భాగం తీసేసి, పేగు రెండు కొసలూ కలిపి కుట్టారు. రెండు రోజులు ఐసీయూలో ఉంచి వార్డుకు మార్చారు. ఐదో రోజు పొద్దున డాక్టరుగారు చూసి, సాయంత్రం ఇంటికి పోవచ్చన్నారు. అప్పటికే ఆయనకు ఎక్కిళ్లు వస్తున్నాయి. గంజి తాగినందుకేమో అనుకున్నాను.

మధ్యాహ్నం వరండాలో కొళాయి దగ్గర ఫ్లాస్కు కడుగుతుంటే ఒక పెద్దాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. డెబ్బై ఏళ్లుంటాయి. ఎడమ కనుబొమ్మను చీలుస్తూ తెల్లటి మచ్చ. మంచి ఎండ, ముఖం స్పష్టంగా కనిపించింది.

"మీ ఆయప్పను ఇయ్యాల ఇంటికి తోలుకపోవద్దమ్మా. లోపల కుట్టు ఇడిసుండాది. నాకూ ఇట్లనే ఎక్కిళ్లతోనే మొదలాయె."

"మీది యా ఊరు పెద్దాయనా?" అన్నాను.

"ఆలూరు పక్కన."

కొళాయి కట్టేసి తిరిగేసరికి లేడు.

లోపలికి వెళ్లి మా ఆయన చెయ్యి పట్టుకుంటే నాడి పరుగెడుతోంది. ఎక్కిళ్లు మామూలేనన్నారు డాక్టరుగారు. స్కాన్ తీస్తేగానీ కదలనని మొండికేశాను. తీశారు. కుట్టు దగ్గర లీకవుతోంది. ఆ సాయంత్రమే మళ్లీ కోసి, మలం బయటికి పోయేలా కడుపు పక్కన సంచి పెట్టారు. ఇంటికి పోయుంటే మనిషి దక్కేవాడు కాదన్నారు.

మర్నాడు మొదటిసారి నన్ను ఐసీయూ లోపలికి పంపారు. మా ఆయన పక్క మంచంలో, నోట్లో గొట్టంతో ఆ పెద్దాయన. అదే మచ్చ.

బయట ఆయన కూతురు కూర్చునుంది. అడిగితే చెప్పింది. "మాది ఆలూరు పక్కన. మా నాయనకూ పేగు ఆపరేషనే. కుట్టు ఇడిసింది. గొట్టమేసి వారమాయె. కండ్లు తెరవల్యా."

నిన్న వరండాలో ఆయన నాతో మాట్లాడాడని చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె భయపడలేదు, కోప్పడలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"మాతో ఒక్క మాట మాట్లాడల్యా అక్కా. నీతో ఏమన్న్యాడో ఇంగోసారి చెప్పు."

మూడుసార్లు చెప్పించుకుంది. మూడో రోజుకు ఆ పెద్దాయన పోయాడు.

మొదటి రెండు రోజుల్లో ఐసీయూ అద్దంలోంచి ఆయన ముఖం చూసి ఉంటానా? చూసి ఉండొచ్చు. ఎక్కిళ్ల గురించి ఎవరో వార్డులో అనుకుంటుంటే చెవిన పడిందా? పడి ఉండొచ్చు. కానీ ఆలూరు అన్న మాట?

ఎనిమిది నెలలకు సంచి తీసి పేగు మళ్లీ కలిపారు. ఇప్పటికీ మా ఆయన రోజుకు ఐదారుసార్లు బాత్రూముకు పోవాలి. బస్సెక్కాలంటే భయం. తను పనిచేసే నాపరాళ్ల పాలిష్ మిషన్ దగ్గర బరువెత్తడం మానేశాడు. అయినా జబ్బు తిరిగి రాలేదు.

పోయినసారి చెకప్‌లో డాక్టరుగారు అడిగారు. "ఆరోజు అంత పట్టుబట్టారే, మీకు ఎలా అనుమానం వచ్చిందమ్మా?"

"ఎక్కిళ్లు చూసి సార్," అన్నాను.