నల్లజీడి గుర్తు

నేను క్షమించే రకం కాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకూ నాకూ సుఖం.

మాది భద్రాచలం అడవి అంచున బట్టలుతికే ఇల్లు. ఒకరి బట్టలు ఇంకొకరి బట్టల్లో కలిసిపోకుండా నాయన ప్రతి బట్టకూ ఒక మూలన గుర్తు పెట్టేవాడు. నల్లజీడి గింజను సూదితో పొడిచి, ఆ రసంతో ఒక ఇంటికి రెండు చుక్కలు, ఒక ఇంటికి గీత, ఇంకో ఇంటికి గీత పక్కన చుక్క. పైన సున్నం రాస్తే ఇక ఆ గుర్తు బట్ట చిరిగేదాకా పోదు. రసం ఒంటికి తగిలితే మాత్రం పొక్కులు లేచి చర్మం నల్లబడుతుంది. అందుకే చేతులకు నూనె రాసుకుంటే గానీ దాన్ని ముట్టేవాళ్ళం కాదు.

ఒక్క తునికాకు కాంట్రాక్టరు ఇంటి బట్టలకే గుర్తు ఉండేది కాదు. ఖమ్మంలో కుట్టించుకున్న తెల్లచొక్కాల మీద మా చేతి మరక ఉండడం ఆయనకు నామోషీ. ఆయన అని రాస్తున్నది అలవాటు కొద్దీ, గౌరవంతో కాదు. గుర్తు లేకపోవడమే ఆ ఇంటి గుర్తు అనుకుని నాయన ఊరుకున్నాడు.

కేంద్రంలో ప్రభుత్వాలు కుదురుగా నిలబడని రోజులవి. ఆ చలికాలం పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. రెండు పార్టీలూ నువ్వా నేనా అన్నట్టు ఉండడంతో ఒక్క ఓటును కూడా ఎవరూ వదిలేలా లేరు. అడవిలోని వాళ్ళేమో ఓటు వేయొద్దని, వేసినవాళ్ళకు వేలు మిగలదని గోడల మీద రాశారు. ఊరి బడిలో పోలీసు క్యాంపు దిగింది. కాంట్రాక్టరు ఒక పార్టీ తరఫున పెత్తనం నెత్తినేసుకుని, మా వాడ ఓటు చీటీలన్నీ తెచ్చి తన చేతిలో పెట్టమని నాయనకు కబురు పంపాడు. ఎవరి ఓటు వాళ్ళే వేసుకుంటారని నాయన చెప్పి పంపాడు.

మూడో రోజు రేవు నుంచి వస్తున్న నాయనను పోలీసులు ఆపి మూట విప్పించారు. అన్ని బట్టలకూ గుర్తు ఉంది, ఒక్క చొక్కాకు లేదు. గుర్తు లేదంటే అది ఊరివాళ్ళది కాదని, అడవిలోని వాళ్ళకు ఉతుకుతున్నాడని అన్నారు. అది కాంట్రాక్టరుదని నాయన మొత్తుకున్నాడు. ఆయన్ని బడికి పిలిపించారు. నేను గేటు దగ్గరే ఉన్నాను. ఆయన చొక్కాను ముట్టుకుని కూడా చూడలేదు.

"నాది కాదు," అన్నాడు. "వీడు ఎవరికి ఉతుకుతుండో నాకేం ఎరుక?"

రెండు రోజులు నాయనను లోపలే ఉంచారు. బయటికి వచ్చేసరికి కుడి మోచేయి విరిగి ఉంది. బస్సులన్నీ ఎన్నికల పనికి పోవడంతో కొత్తగూడెం దవాఖానాకు ఆలస్యంగా చేరాం. ఎముక వంకరగా అతుక్కుంది. ఆ చేత్తో నాయన మళ్ళీ బండ మీద బట్ట కొట్టలేదు, అన్నం కూడా ఎడమచేత్తోనే తినేవాడు. పని నా మీద పడింది. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. వేరే దారి లేక కాంట్రాక్టరు బట్టలూ నేనే ఉతికాను. ఆ తెల్లచొక్కాలను బండకేసి ఎంత కసిగా కొట్టేదాన్నో నా భుజాలకు తెలుసు.

ఏడాదిన్నర తిరక్కుండానే ఢిల్లీలో ప్రభుత్వం పడిపోయి మళ్ళీ ఎన్నికలు. ఈసారి ఎండాకాలం, బీడీల కోసం తునికాకు కోసే రోజులు. అవే గోడరాతలు, అదే బడిలో క్యాంపు. జనం భయపడి ఇళ్ళు కదలకపోతే కాంట్రాక్టరు అందరికంటే ముందు ఓటేసి, సిరా పెట్టిన వేలు క్యాంపు ముందు పైకెత్తి చూపించాడు. ఎస్సై ఆయన భుజం తట్టి, ఇలాంటి ధైర్యవంతుడు ఊరికొకడుంటే చాలన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆ ధైర్యవంతుడు ఒంటరిగా వాగు దగ్గరికి వచ్చాడు. అడవి లోపలి కల్లాల్లో ఆకు కట్టలు ఎండి ఉన్నాయి. వాన పడేలోపు లారీలకెక్కించాలి, దానికి తను వెళ్ళాలి. సిరా వేలితో వెళ్ళడానికి గుండె చాలడం లేదు. నిమ్మకాయ, కిరసనాయిలు అన్నీ రుద్ది చూశాడట. మరకలు పోగొట్టేది మేమే కాబట్టి మా దగ్గరికే రావాల్సి వచ్చింది.

"జల్దీ పోయేటట్టు ఏదన్న మందుంటే ఇయ్యి బిడ్డా," అన్నాడు. ఆయన నన్ను బిడ్డా అనడం అదే మొదలు.

ఆ సిరా ఏ మందుకూ పోదని నిజం చెప్పి పంపేయొచ్చు. చెప్పలేదు. గట్టు అవతలికి వెళ్ళి, చేతులకు నూనె రాసుకుని నాలుగు నల్లజీడి గింజలు చితక్కొట్టాను. రసంలో గుడ్డపీలిక తడిపి ఆయన వేలికి నేనే చుట్టి కట్టాను. ఇంట్లో ఒక్క బట్టకూ గుర్తు పెట్టనివ్వని మనిషి, ఆ వాసన ఆయనకేం తెలుస్తుంది? తెల్లారేదాకా విప్పొద్దని చెప్పాను. కడుతున్నంతసేపూ నాకు ఎంత హాయిగా ఉందో చెప్పుకోవడానికి సిగ్గుపడను.

రెండు రోజులకు వేలు వంకాయంత లావెక్కి మణికట్టు దాకా నల్లబడింది. ఆ చేత్తో ఆయన అడవిలో అడుగు పెట్టలేదు. వానకు ఆకంతా కల్లాల్లోనే కుళ్ళింది. క్యాంపు బట్టలు ఇవ్వడానికి వెళ్ళిన రోజు ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు. వేలికేమైందని ఎస్సై అడిగాడు. నా పేరు చెప్పాలంటే సిరా చెరుపుకోవడానికి వచ్చానని కూడా చెప్పాలి. ఆయన నా వైపు చూశాడు. నేను తల దించలేదు.

"కాగిన నూనె పడ్డది సార్," అన్నాడు. ఆ బడిలో ఆయన ఆడిన రెండో అబద్ధం అది.

సాయంత్రం నాయనకు చెప్పాను. కోప్పడతాడేమో అనుకున్నాను.

"పైన సున్నం రాసినవా?" అని అడిగాడు.

లేదన్నాను.

"రాసేది ఉండె బిడ్డా," అన్నాడు.

దసరా నాటికి ఆ వేలి తోలు ఊడి కొత్త చర్మం వచ్చింది. చేయి మాత్రం నాయన పోయేదాకా వంకరగానే ఉంది. కాంట్రాక్టరును నేను క్షమించలేదు. ఆ రోజు సున్నం మరిచినందుకు నన్ను నేనూ క్షమించుకోలేదు.