ఎర్ర సిరా పూసిన పిట్ట

మా చిన్నప్పుడు... మొగల్తూరులో వరి కోతలవగానే నాయనమ్మ కొత్త కంకులను కుచ్చుగా అల్లి పెరటి వసారా చూరుకి వేలాడదీసేది. పిచ్చుకల కోసం. అవి తిన్నంత తిని, మిగిలింది మా నెత్తిన రాల్చేవి.

ఒక ఏడు ఆ పిచ్చుకల మధ్యకి ఓ కొత్త పిట్ట వచ్చింది. వాటికన్నా చిన్నది... ఒళ్ళంతా ఎరుపు, మీద తెల్లటి చుక్కలు. సన్నగా కూసేది. దాని పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

బడిలో చెప్పాను. పక్కన కూర్చునే సుబ్బలక్ష్మి నమ్మలేదు. "వరి కోతలైపోయాయి గానీ, నీ కోతలు అవ్వలేదేంటే!" అంది. క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి నా పేరు కోతల రాణి. నిజం చెప్పి ఏడ్చాను...

బాబాయి దగ్గర కెమెరా ఉండేది. రీలులో ఒక్క ఫొటోయే మిగిలింది. దాన్ని నాయనమ్మ కోసం దాచాడు. ఆవిడేమో ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని, కెమెరా కనబడితే చాలు వంటింట్లో దూరేది. నేను కాళ్ళావేళ్ళా పడితే, ఆవిడ ఎలాగూ నిలబడదులే అని పిట్టకి ఒప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున్న పిట్ట వాలింది. బాబాయి గురి చూస్తున్నాడు... నాయనమ్మ ఒక్క ఉరుకున వచ్చింది.

"వద్దురా! గుప్పెడు లేదు, దాని ఆయుష్షెంతని... అదీ తగ్గిపోద్ది!" అంటూ పిట్టని తోలడానికి చెయ్యి ఊపింది. అప్పటికే క్లిక్‌మంది. పిట్ట ఎగిరిపోయింది. మళ్ళీ రాలేదు. నాయనమ్మ వారం రోజులు మాతో సరిగా మాట్లాడలేదు.

నరసాపురంలో కడిగించిన ఫొటో వచ్చాక గానీ మాకు తట్టలేదు... అది నలుపు తెలుపు రీలు. మా ఎర్రపిట్ట అచ్చం పిచ్చుకలా ఉంది!

నాన్న బడి మాస్టారు, ఎర్ర సిరాకి కొదవ లేదు. పిట్టకి పూశాను. సిరా పాకి తోక కూడా కనబడకుండా పోయింది. "పిచ్చుకకి సిరా పూసుకొచ్చావా?" అంది సుబ్బలక్ష్మి. కోతల రాణి పేరు పదో తరగతి దాకా నన్ను వదల్లేదు.

ఫొటో ఇప్పటికీ ఉంది. సిరా వెలిసిపోయింది. పిట్ట పక్కనే, ఓ మూలగా, పచ్చబొట్టు ఉన్న చెయ్యి... నాయనమ్మ పోయాక ఇల్లంతా వెతికాం. ఆవిడది ఇంకో ఫొటో లేదు. బెంగ వచ్చినప్పుడు ఆ చెయ్యే చూస్తాను.

ఇప్పుడు నా ఫోన్‌లో వేల ఫొటోలు... వద్దని అడ్డొచ్చిన చెయ్యి ఒక్కదాన్లోనూ లేదు. మీ ఇంట్లోనూ కెమెరాకి దొరక్కుండా పోయినవాళ్ళు ఉన్నారా? పాత ఫొటోల మూలలు ఓసారి చూసి చెప్పండి...