గొరిల్లాల అడవికి రెస్క్యూ టీమ్

కరోనా అణిగి, విమానాలు మళ్ళీ మామూలుగా తిరగడం మొదలైన తర్వాతి చలికాలం. అప్పటికి నేను గోదావరిఖని ప్రాంతంలో ఒక గనుల రెస్క్యూ స్టేషన్‌కు సూపరింటెండెంట్‌ని. ఉద్యోగంలో నా ఆఖరి పోస్టింగు అది. రెస్క్యూ స్టేషన్ అంటే ఏమిటో బయటివాళ్ళకు అంతగా తెలియదు కాబట్టి రెండు మాటలు చెప్పాలి. భూగర్భ గనిలో నిప్పు అంటుకున్నా, విషవాయువు చేరినా లోపల చిక్కినవాళ్ళను తీసుకురావడానికి వెళ్ళే మనుషులు అక్కడ ఉంటారు. వాళ్ళను బ్రిగేడ్ అంటాం. వీపుకు ఆక్సిజన్ పరికరం తగిలించుకొని పొగలోకి నడుస్తారు. ఫోను మోగనంతకాలం వాళ్ళ పని సాధన చేయడం, పరికరాలు తుడుచుకోవడం, ఎదురుచూడడం.

ఒకరోజు పొద్దున్నే పాత బ్రిగేడ్ టీమ్ ఒకటి నా గదికి వచ్చింది. కెప్టెన్ రాజయ్య, వైస్ కెప్టెన్ సమ్మయ్య, ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఆటపట్టించే ఓదెలు, పెద్దగా మాట్లాడని మరో ఇద్దరు. నేను ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్న రోజుల్లో నా చేతి కింద తయారైన టీమ్ అది. రెస్క్యూ పనికి వయసు హద్దు ఉంటుంది. అది దాటగానే బ్రిగేడ్ నుంచి తీసి మామూలు డ్యూటీలకు పంపిస్తారు. నలుగురికి గని పైన పనులు దొరికాయి. సమ్మయ్య మాత్రం మళ్ళీ లోపలికి దిగి, రాయి తొలిచే డ్రిల్లింగ్ పనిలో చేరి, రిటైరయ్యేదాకా అందులోనే ఉన్నాడు. ఇప్పుడు ఐదుగురూ పెన్షన్ మనుషులే.

వచ్చిన పని విని ముందు నవ్వాను. ఉగాండా పోయి సింహాలను, గొరిల్లాలను చూడాలట. నవ్వాక అర్థమైంది. ఎదురుచూసే గంటల్లో స్టేషన్ విశ్రాంతి గదిలో టీవీ నడిచేది. సినిమా పెడితే హీరోల మీద కొట్లాట, వార్తలు పెడితే పార్టీల మీద కొట్లాట. విసిగిపోయి నేనే అడవి జంతువుల చానల్ తప్ప ఇంకోటి పెట్టొద్దని ఆర్డరు వేశాను. ఏళ్ళ తరబడి చూసి చూసి, మా ఆవరణ దాటి మంచిర్యాల పోవడానికి వెనకాడే మనుషులు గొరిల్లా కుటుంబాల సంగతులు ఇంట్లో చుట్టాల సంగతుల్లా చెప్పుకునేవాళ్ళు. రాజయ్యకు మరీ పిచ్చి. వీపు మీద వెంట్రుకలు తెల్లబడిన పెద్ద మగ గొరిల్లాను ఎదురుగా చూసి చచ్చిపోయినా ఫరవాలేదనేవాడు.

హైదరాబాదులోని ట్రావెల్స్ అమ్మాయి పంపిన ప్లాను నా ముందు పెట్టి దిద్దమన్నారు. కాగితం చూడగానే నాకు తిక్కరేగింది. అన్నిటికంటే కష్టమైన గొరిల్లాల కొండలు మొదట్లోనే ఉన్నాయి. దాన్ని తిరగేశాను. ముందు జీపులో కూర్చొని చూసే సింహాలు, ఏనుగులు. తర్వాత చింపాంజీల అడవి, అక్కడ నేల కాస్త చదును. ఒకరోజు విశ్రాంతి. ఆఖరున గొరిల్లాలు. వాటి దగ్గరికి పోవడానికి రోజుకు ఇంతమందికే అని అక్కడి ప్రభుత్వం మనిషి పేరు, తేదీ వేసి పర్మిట్లు ఇస్తుంది. ఆ రోజు తప్పితే మళ్ళీ దొరకడం కష్టం. అవి ఎక్కడ ఉంటాయో ముందుగా తెలియదు. నిటారు వాలు, బురద, ముళ్ళ తీగలు, ఎంతసేపు నడవాలో ఎవరూ చెప్పలేరు. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలి, మలేరియా మాత్రలు మింగాలి. ఇవన్నీ సర్దుబాటయ్యేవే. ఎటూ తేలనిది ఒకటే, అరవై దాటిన ఐదుగురి ఊపిరితిత్తులు ఆ కొండకు సరిపోతాయా లేదా అన్నది.

ఆ అమ్మాయికి ఫోను చేసి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టాను. చాలా ఓపికగా చెప్పింది. దగ్గు, జలుబు ఉన్నవాళ్ళను రేంజర్లు దారి మొదట్లోనే ఆపేస్తారట. మనుషుల జబ్బులు గొరిల్లాలకు తగిలితే తట్టుకోలేవట. మధ్యలో ఎవరైనా నడవలేకపోతే ఒక మనిషిని తోడిచ్చి కిందికి పంపిస్తారు, మిగతావాళ్ళు ముందుకు పోతారు. మరీ చేతకానివాళ్ళకు కుర్చీలాంటిది ఉంటుంది, మనుషులు మోసుకుపోతారు.

“నలుగురు మోసుడు ఒక్కసారే సారు. గదానికి ఆఫ్రికా దాక ఎందుకు, గోదారి ఒడ్డు సాలదా?” అన్నాడు ఓదెలు. అందరూ పడీపడీ నవ్వారు. సమ్మయ్య కూడా నవ్వాడు.

రాజయ్యకు మాత్రం ఒకరిని కిందికి పంపి మిగతావాళ్ళు ముందుకు పోవడమన్న మాట మింగుడు పడలేదు. “పొగల ఒక్కన్ని ఇడిచిపెట్టి వచ్చినమా సారు ఎన్నడన్న? గాడ మాత్రం ఎట్ల ఇడుస్తం? పోతే ఐదుగురం పోతం, మర్లితే ఐదుగురం మర్లుతం” అన్నాడు.

ఇది మా వృత్తిలో మొదటి నియమం. పొగలో టీమ్ చీలకూడదు. ఒక మనిషికి ఊపిరి అందకపోయినా, ఒకరి పరికరం మొరాయించినా, టీమ్ మొత్తం స్వచ్ఛమైన గాలి ఉన్న చోటికి వెనక్కి రావాలి. లోపల ప్రాణంతో మనిషి ఉన్నాడని తెలిసినా సరే. ఒంటరిగా వెనక్కి పంపిన మనిషి దారి తప్పి పడిపోతే అతన్ని వెతకడానికి ఇంకో టీమ్ కావాలి. ఇబ్బంది పడే మనిషి దాచకుండా మెడలో వేలాడే హారన్ మోగించాలి, దాచడం టీమ్ మొత్తానికీ ద్రోహం చేయడమే. ఇదంతా వాళ్ళకు నూరిపోసింది మేమే. రాజయ్య మాట విని నాకు గర్వంగా అనిపించింది. మిగతా నలుగురూ సరేనన్నారు.

స్టేషన్‌లో పొగ గ్యాలరీ ఉంటుంది, సాధన కోసం పొగ నింపే సొరంగం లాంటిది. బయటివాళ్ళను అందులోకి పంపడం నిబంధనలకు విరుద్ధం. అందుకని గ్రౌండులో నడక, మెట్ల పెట్టె ఎక్కి దిగడం వరకే అనుమతిచ్చాను. పెట్టె దిగాక నాడి ఎంత త్వరగా కుదుటపడుతుందో చూస్తాం. సమ్మయ్యది నెమ్మదిగా దిగింది. దగ్గు కూడా వచ్చింది. ఛాతీ ఎక్స్‌రే ఫొటో తీయించమన్నాను. నాలుగు రోజుల తర్వాత అడిగితే, “తీపిచ్చిన సారు. ఫికర్ చెయ్యకుండ్రి, ఏం లేదన్నరు” అన్నాడు. ఆ తర్వాత అతను నా ముందు దగ్గలేదు. డ్యూటీలో ఉన్న మనిషైతే అనుమానం మీదే పక్కన కూర్చోబెట్టేవాణ్ణి. రిటైరైన మనిషిని అడగడం వరకే నా చేతిలో ఉంది, ఆపే అధికారం లేదు.

ఆఖరి సాధనకు రామగిరి కొండ ఎంచుకున్నాం. సెంటినరీ కాలనీ దాటి పోతే దగ్గరే. పాత కోట, రాళ్ళ దారి, చెట్లు, ఎత్తు, ఇక్కడ అంతకంటే తగిన చోటు లేదు. నేను కొండ కింద వాహనం దగ్గర ఉండిపోయాను. టీమ్ లోపలికి పోయినప్పుడు బయట స్వచ్ఛమైన గాలిలో ఒకరు కాచుకొని ఉండడం మా పద్ధతి. ఐదుగురి మెడల్లోనూ హారన్ బదులు విజిళ్ళు వేయించాను. చేతుల్లో వెదురు కర్రలు. వరుస కూడా మాదే, ముందు కెప్టెన్, ఆఖరున వైస్ కెప్టెన్. ముందున్నవాళ్ళలో ఎవరైనా తూలుతున్నారా, వెనకబడుతున్నారా అని చూడడం వైస్ కెప్టెన్ పని. అతని వెనక ఎవరూ ఉండరు.

కొండ మీద జరిగింది రాజయ్య చెప్పగా విన్నాను. నేర్చుకున్న ప్రకారమే అక్కడక్కడా టీమ్‌ను ఆపి వెనక్కి చూసేవాడు. బాగున్నవాళ్ళు చెయ్యి పైకెత్తాలి. ఆగిన ప్రతిసారీ నాలుగు చేతులు లేచాయి. కోట ద్వారం కనపడే మలుపు దగ్గర మూడే లేచాయి. పరుగున దిగి చూస్తే సమ్మయ్య కింది మలుపులో బండకు ఆనుకొని కూర్చున్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి, రాజయ్యను గుర్తుపట్టాడు. విజిల్ చొక్కా లోపలికి దోపి, పై గుండీ పెట్టి ఉంది.

చొక్కాలు విప్పి, వాటి చేతుల్లోంచి వెదురు కర్రలు దూర్చి స్ట్రెచర్ కట్టారు. గనిలో ఎంతోమందిని అలా మోసినవాళ్ళు. ఆ చలిలో ఒంటి మీద చొక్కా లేకుండా నలుగురు మనుషులు రాళ్ళ మీద అడుగు తప్పకుండా దిగి రావడం నేను కింది నుంచి చూశాను. మోస్తున్నది ఎవరినో దూరానికి తెలియలేదు. మోసేవాళ్ళను ఒక్కొక్కరిగా లెక్కించుకొని తెలుసుకోవాల్సి వచ్చింది. ఓదెలు ఏడుస్తూ మోస్తున్నాడు. వాహనంలో ఛాతీ నొక్కుతూనే ఉన్నాం. దవాఖానకు చేరేలోపే సమ్మయ్య పోయాడు.

పని ముగిసి బయటికి రాగానే కెప్టెన్ సూపరింటెండెంట్ ముందు నిలబడి రిపోర్టు చెప్పాలి. ఎంతమంది పోయారు, ఎంతమంది తిరిగొచ్చారు, ఎవరి పరిస్థితి ఏమిటి. దవాఖాన వరండాలో రాజయ్య నా ముందుకొచ్చి చేతులు దించి నిటారుగా నిలబడ్డాడు. “ఐదుగురం పోయినం సారు” అన్నాడు. మిగతా లెక్క చెప్పనివ్వకుండా నేను భుజం పట్టుకొని కూర్చోబెట్టాను.

సమ్మయ్య విజిల్ ఎందుకు ఊదలేదన్నది నన్ను పట్టి పీడించింది. ఊదడానికి ఊపిరి లేకనా, ఊదకూడదనుకొనా? దినాల నాడు అతని భార్య కొమురక్క చెప్పింది. ఆమె ముఖంలో నా మీద కోపం లేదు. కోప్పడి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

“కరీంనగర్ల డాక్టరు ఫొటో సూసి మెట్లు సుత ఎక్కొద్దన్నడు సారు. దుమ్ము పేరుకొని తిత్తులు రాయి లెక్క అయినయన్నడు. మీ తాన దగ్గు రావద్దని మందు తాగి వచ్చేటోడు. ఎందుకయ్యా గీ ఆపతి, నాతోని కాదని చెప్పరాదా అని మొత్తుకున్న. ‘నేను మర్లుత అంటే వాళ్ళు సుత మర్లుతరే. రాజన్న ఇన్నేండ్ల సంది కల కంటుండు, నా ఒక్కని పానానికి వాని కల ఆపాల్నా’ అన్నడు.”

పక్కనే ఉన్న రాజయ్య అంతా విన్నాడు. లేచి గేటు దాకా పోయి, తిరిగొచ్చి ఆమె ముందు కింద కూర్చున్నాడు. “నాకు చెప్తే నేనే ఒద్దందును గదా వదినె” అన్నాడు. “గందుకే చెప్పలే” అంది కొమురక్క.

పర్మిట్లు రద్దయ్యాయి. వాళ్ళ ఇళ్ళల్లో ఆఫ్రికా పేరు ఎత్తేవాళ్ళు లేరు. టీవీలో ఆ చానల్ వస్తే రాజయ్య లేచి బయటికి పోతాడని ఓదెలు చెప్పాడు. ఓదెలు కూడా ఇదివరకటిలా ఎవరినీ ఆటపట్టించడం లేదు.

రిటైరయ్యేలోపు నేను శిక్షణలో ఒక మార్పు పెట్టించాను. ఆగిన ప్రతిచోటా కెప్టెన్ ఎత్తిన చేతులు చూసి సరిపెట్టుకోకూడదు, వరుస చివరిదాకా నడిచి వైస్ కెప్టెన్ ముఖం చూడాలి. ఒకడు ఆగితే అందరూ వెనక్కి అనే నియమాన్ని మాత్రం ముట్టుకోలేదు. పొగలో అది సరైనదే. అక్కడ దాచినవాడు తనతోపాటు నలుగురినీ చంపుతాడని ప్రతి మనిషికీ తెలుసు, అందుకే హారన్ మోగిస్తాడు. సరదాకు పోయే దారిలో ప్రమాదం దాచినవాడి ఒక్కడిదే. మోగిస్తే పోయేది మాత్రం పక్కవాళ్ళ సంతోషం. మంచి మనిషి అక్కడ మోగించడు. ఈ తేడా మా పుస్తకాల్లో లేదు, సమ్మయ్య పోయాకే నాకు తెలిసింది.

ఇప్పటికీ కాలనీలో ఎవరైనా యాత్రకో అడవికో పోతూ ప్లాను చూడమని వస్తుంటారు. ఎవరి వల్లనైనా కాకపోతే ఒంటరిగా ఎలా తిరిగొస్తారు, వాళ్ళు వెనక్కి మళ్ళాక మిగతావాళ్ళు ఆగకుండా ఎలా ముందుకు పోతారు, అది అందరి ముందూ మాట్లాడుకొని రమ్మంటాను. అది తేల్చుకొని వచ్చేదాకా కాగితం ముట్టను.